గాయపడిన అడవి జీవుల దగ్గర మేము నేర్చుకున్నది

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువజన బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మాట్లాడేది ఒక్కరమే అయినా, ఈ కాగితం మీద ఉన్నది ఏడుగురి మాట. మాలో నలుగురు ఆడపిల్లలు, ముగ్గురు మగపిల్లలు. పాడేరు, హుకుంపేట, అరకులోయ, అనంతగిరి మండలాల నుంచి చదువు కోసం విశాఖపట్నం వచ్చి హాస్టళ్ళలో ఉంటున్నాం. రెండేళ్ళుగా ఆదివారాలు, సెలవు రోజుల్లో నగరం అంచున ఉన్న ఒక వన్యప్రాణి పునరావాస కేంద్రంలో జీతం లేకుండా పని చేస్తున్నాం. ఆ అనుభవం చెప్పమని సంఘం అడిగింది.

అడగడానికి ఒక కారణం ఉంది. పోయిన సంవత్సరం ఇదే సభలో, భోజనాల దగ్గర ఒక పెద్దాయన మమ్మల్ని నిలబెట్టి అడిగారు. "కొండ మీద పోడు అమ్ముకుని మిమ్మల్ని చదివిస్తే, మీరు పట్నంలో కోతులకు సేవ చేస్తున్నారా?" అన్నారు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. కానీ ఆ మాట మాతోనే ఉండిపోయింది.

అంతకు ముందు ఇంకో మాట కూడా విన్నాం. కేంద్రంలో మా మొదటి రోజు, మాతోపాటు స్వచ్ఛందంగా పని చేయడానికి వచ్చిన ఒకాయన "మీది ఏ ఊరు?" అని అడిగాడు. ఏజెన్సీ అని చెప్పాం. "అయితే మీ వాళ్ళు తినకుండా వదిలినవే ఇక్కడికి వస్తాయన్నమాట" అన్నాడు. ఆయన కూడా నవ్వుతూనే అన్నాడు. మేము నవ్వలేదు.

ఒకరేమో మీరెందుకు అక్కడ అన్నారు. ఇంకొకరేమో మీవల్లే ఇదంతా అన్నారు. ఈ రెండు మాటలకూ జవాబు చెప్పాలనే ఇవాళ నిలబడ్డాం.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెప్తాం. అది జంతు ప్రదర్శనశాల కాదు. టిక్కెట్టు ఉండదు, చూడటానికి ఎవరినీ రానివ్వరు. దెబ్బ తిన్న జీవిని తెస్తారు, వైద్యం చేస్తారు, బలం వచ్చేదాకా ఉంచుతారు, తిరిగి వదిలేస్తారు. వదలడమే అసలు లక్ష్యం. ఎంత తొందరగా మనల్ని మరిచిపోయి వెళ్ళిపోతే అంత బాగా పని చేసినట్టు.

మేము వెళ్ళేటప్పుడు పులిపిల్లలకు పాలు పట్టిస్తామనుకున్నాం. మొదటి మూడు నెలలు మా చేతికి ఇచ్చింది చీపురు, బక్కెట్టు, బ్లీచింగు పొడి. పొద్దున ఏడింటికల్లా గూళ్ళు కడగాలి. రాత్రి పెట్టిన మేతలో ఎంత తిన్నాయి, ఎంత మిగిలింది తూచి రాయాలి. రెట్ట రంగు, పేడ తీరు చూసి రాయాలి. గద్దలకు మాంసం ముక్కలు కోయాలి. కోతుల దగ్గరికి పంపే ముందు రేబిస్ టీకా మూడు డోసులు వేయించారు. మాలో ఒకమ్మాయి ఇంటికి ఫోన్ చేసి "కుక్క కరవకుండానే కుక్క ఇంజెక్షన్ వేశారమ్మా" అంటే, వాళ్ళమ్మ ఆ పని మానేసి వచ్చేయమంది.

ఇంకొక నియమం మాకు చాలా కష్టమైంది. మాట్లాడకూడదు. జీవి దగ్గర పాట పాడకూడదు, పేరు పెట్టి పిలవకూడదు, నిమరకూడదు. పిల్లగా వచ్చిన జీవి మనిషి గొంతుకు, మనిషి చేతికి అలవాటు పడితే, బయటికి వెళ్ళాక మనిషి కనిపించగానే దగ్గరికి వస్తుంది. అందరు మనుషులూ మేత పెట్టరు కదా. మన ఇళ్ళల్లో మేకపిల్లనైనా, కోడిపిల్లనైనా పలకరిస్తూనే పెంచుతాం. ప్రేమ ఉన్నా నోరు మూసుకుని పని చేయడం అక్కడే నేర్చుకున్నాం.

ఇప్పుడు గద్ద సంగతి చెప్తాం.

సంక్రాంతి వెళ్ళిన వారానికి ఒక నల్లగద్దను అట్టపెట్టెలో తెచ్చారు. గాలిపటం మాంజా రెక్కకు చుట్టుకుని చెట్టుకు వేలాడిందట. నైలాన్ మాంజాను, గాజుపొడి పూసిన దారాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. అయినా దొరుకుతూనే ఉంది. గద్ద రెక్కకు ముందు అంచున, భుజానికి మణికట్టుకు మధ్య, పలచటి చర్మం పొర ఒకటి ఉంటుంది. రెక్క చాచినప్పుడు గాలిని పట్టేది అదే. దారం ఆ పొరను కోసేసింది. ఎముక విరిగితే అతుకుతుంది గానీ, ఆ పొర బాగా తెగితే కుట్టడం కష్టం.

మాలో ఒకమ్మాయి ఇంటిపేరు పాంగి. ఇక్కడున్నవాళ్ళకు వివరం చెప్పక్కర్లేదు. కానీ ఈ సంచిక చదివే బయటి వాళ్ళ కోసం చెప్తున్నాం. మన దగ్గర ఇంటిపేరు ఊరికే పెట్టుకున్నది కాదు. పాంగి అంటే గద్ద. కిల్లో అంటే పులి. గొల్లోరి అంటే కోతి. వంతల అంటే నాగుపాము. మత్స్య అంటే చేప. కొర్రా అంటే సూర్యుడు. ఒకే ఇంటిపేరు వాళ్ళు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. వాళ్ళ మధ్య పెళ్ళి జరగదు. తమ గుర్తు అయిన జీవికి హాని చేయరు.

ఆ గద్దను బల్ల మీద పెట్టి, కళ్ళకు గుడ్డ కప్పి, కాళ్ళు పట్టుకోమని డాక్టరు గారు ఎవరినో ఒకరిని పిలిచారు. పాంగి పిల్ల ముందుకు వెళ్ళింది. గాయం కడిగి, కుట్లు వేసి, రెక్కను మడిచి ఎనిమిది అంకె ఆకారంలో కట్టు కట్టేదాకా గోళ్ళు తనకు గుచ్చుకోకుండా, దానికి ఊపిరి ఆడకుండా పోకుండా పట్టుకుంది. అయ్యాక బయటికి వచ్చి ఏడ్చింది. ఎందుకని అడిగితే, "మా తాత ఉంటే దీన్ని మన ఇంటి మనిషి అనేవాడు" అంది.

ఆ గద్ద వారం రోజులు తనంతట తాను తినలేదు. తర్వాత తిన్నది. కట్టు విప్పాక రోజు విడిచి రోజు రెక్కను మెల్లగా చాపి ముడవాలి. లేకపోతే కీలు బిగుసుకుపోతుంది. తర్వాత పొడవాటి గూట్లో ఈ కొస నుంచి ఆ కొసకు ఎగరడం. మొదట్లో సగం దూరంలోనే దిగిపోయేది. రెండు నెలలు దాటాక ఒక పొద్దున మిద్దె మీద పెట్టె తలుపు తెరిచాం. కాసేపు అక్కడే కూర్చుంది. మా వైపు చూడను కూడా చూడలేదు. లేచి, రెండు సార్లు చుట్టు తిరిగి, సముద్రం వైపు వెళ్ళిపోయింది.

అన్నీ ఇలా వెళ్ళవు. అది కూడా చెప్పాలి. అదే నెలలో వచ్చిన ఇంకో గద్దకు రెక్క పూర్తిగా కుళ్ళింది. బాధ తగ్గే మార్గం లేదని తేల్చి, డాక్టరు గారు దానికి నొప్పి లేని మరణం ఇచ్చారు. ఆ రోజు పాంగి పిల్ల రాలేదు. వచ్చే ఆదివారం వచ్చి, పూడ్చిన చోటు ఎక్కడో అడిగి, అక్కడ కాసిని నీళ్ళు పోసింది. ఎవరూ ఏమీ అనలేదు.

ఇక్కడికి వచ్చిన ఊళ్ళవాళ్ళ కోసం కొన్ని పనికొచ్చే మాటలు చెప్తాం. కేంద్రానికి వచ్చే జీవుల్లో కొన్ని గాయం వల్ల కాదు, మన మంచితనం వల్ల చచ్చిపోతాయి.

పడిపోయిన పిట్ట కనిపిస్తే అందరూ మొదట చేసే పని నోట్లో నీళ్ళు పోయడం. పిట్టకు గాలిగొట్టం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది. పోసిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీళ్ళు పోయొద్దు. తిండి పెట్టొద్దు. మూతకు చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి, చీకటిగా, వెచ్చగా, చప్పుడు లేని చోట ఉంచండి. బాగా నీరసించిన జీవికి ముందు ఒంటికి వేడి రావాలి, తర్వాత నీరు ఎక్కించాలి, తిండి ఆ తర్వాతే. ఈ వరస తప్పితే బతికేది కూడా చస్తుంది.

ఉడుతపిల్లకు, పునుగుపిల్లి పిల్లకు ఆవుపాలు పట్టొద్దు. విరేచనాలు పట్టుకుని రెండు రోజుల్లో పోతుంది. నేల మీద గెంతుతున్న, ఈకలు వచ్చిన పిట్టపిల్లను ఎత్తుకురావద్దు. అది తప్పిపోలేదు, ఎగరడం నేర్చుకుంటోంది. తల్లి దగ్గర్లోనే ఉంటుంది. పొదలో ఒంటరిగా పడుకున్న దుప్పిపిల్ల కూడా అంతే. తల్లి మేతకు వెళ్ళేటప్పుడు దాన్ని దాచి వెళ్తుంది. ఇది మన తాతలకు తెలుసు. మనమే మరిచిపోతున్నాం.

పాము కాటేస్తే వేరుముక్కలు, మంత్రాలు, కోసి రక్తం పీల్చడం వద్దు. కాటు పడ్డ కాలో చెయ్యో కదపకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ ఒకటే మందు పనిచేస్తుంది. ఏ పాము కరిచిందో చూపించాలని దాన్ని చంపి పట్టుకెళ్ళక్కర్లేదు.

ఏ అడవి జీవి మన చేతికి వచ్చినా ఇంట్లో ఉంచుకోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషనుకు గానీ అటవీ అధికారికి గానీ తెలియజేయాలి. మంచి చేద్దామని తెచ్చి పెంచినా కేసు అవుతుంది. ఈ సంగతి తెలియక మన వాళ్ళు ఇబ్బంది పడ్డ ఊళ్ళున్నాయి.

ఇప్పుడు చెప్పడానికి కష్టమైన సంగతి చెప్తాం. దీన్ని ఇక్కడ చెప్పాలా వద్దా అని మా ఏడుగురిలో చాలా వాదన జరిగింది. చివరికి చెప్పాలనే తేలింది.

పోయిన వానాకాలం ఒక అడవిపిల్లిని తెచ్చారు. ముందుకాలికి మోటారు సైకిలు క్లచ్ వైరు బిగుసుకుని ఉంది. వైరు కొసన, దాన్ని నేలకు దిగగొట్టిన కర్రమేకు ఇంకా వేలాడుతోంది. మేకుతో సహా పీక్కుని ఎన్ని రోజులు తిరిగిందో. వైరు చర్మాన్ని, కండను కోసి ఎముకలో దిగింది. పురుగులు పట్టాయి. ఆ రోజు రిజిస్టరు రాసే వంతు మాలో ఒక అబ్బాయిది. 'దొరికిన చోటు' అనే గడిలో అటవీ సిబ్బంది చెప్పిన ఊరు పేరు రాశాడు. అది వాడి ఊరికి పక్క ఊరు.

వైరు కోసి తీసి పక్కన పెట్టాక, ఆ మేకును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. వైరు జారకుండా మేకు తల దగ్గర రెండు వైపులా గాటు పెట్టారు. ఒక గాటు పైకి, ఒకటి కిందికి. అలా గాటు పెట్టడం వాడికి చిన్నప్పుడు నేర్పింది వాడి మేనమామ. వాడు ఎవరితోనూ మాట్లాడలేదు. 'కారణం' అన్న గడిలో 'ఉచ్చు' అని రాసి ఊరుకున్నాడు. రాత్రి హాస్టలులో మా అందరినీ పిలిచి చెప్పాడు.

కాలు తీసేయాల్సి వచ్చింది. మూడు కాళ్ళ అడవిపిల్లి వేటాడలేదు కాబట్టి దాన్ని ఇక వదలరు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. మేము గూడు కడగడానికి వెళ్తే మూలకు నక్కి గుర్రుమంటుంది. దాని కోపం న్యాయమే.

పండగ సెలవులకు ఆ అబ్బాయి ఊరెళ్ళి మేనమామ దగ్గర కూర్చున్నాడు. నేరుగా అడగలేకపోయాడు. ఫోన్లో ఆ పిల్లి ఫోటో చూపించాడు. ఆయన చాలాసేపు చూసి, "ఇది పంది కోసం పెట్టిందిరా" అన్నాడు. ఆయన తప్పించుకోవడానికి అనలేదు. రాజ్మా చేను, చోళ్ళ చేను పంది ఒక్క రాత్రిలో దున్నేస్తే ఏడాది తిండి పోయినట్టే. "నా చేను పోయినప్పుడు ఏ ఆసుపత్రి వాళ్ళు వచ్చార్రా?" అన్నాడు. మా వాడి దగ్గర జవాబు లేదు. మా ఏడుగురి దగ్గరా లేదు.

తర్వాత ఆయనే ఇంకో మాట చెప్పాడు. వాళ్ళ నాన్న కాలంలో ఉచ్చు చెట్టు నారతో పేనేవారట. ఒక వానకు నానిపోయేది, పెద్ద జీవి గుంజితే తెగేది, మరిచిపోయి వదిలేసినా మట్టిలో కలిసేది. క్లచ్ వైరు కుళ్ళదు, తెగదు. పెట్టినవాడు మరిచిపోయినా అది మరిచిపోదు. అలాగే, నీళ్ళు తాగే చోట ఉచ్చు పెట్టకూడదని, చూలుతో ఉన్నదాన్ని కొట్టకూడదని, కొట్టింది ఊరంతా పంచుకోవాలని, అమ్ముకోకూడదని కట్టుబాటు ఉండేదట. "వైరు వచ్చాక కట్టుబాటు పోయింది" అని ఆయనే అన్నాడు. మేము అనలేదు.

ఆయన పంచుకోవడం గురించి అన్నప్పుడు మాకు అలుగు గుర్తొచ్చింది. అలుగు పళ్ళు లేని జీవి. చీమలు, చెదలు తప్ప ఇంకేమీ తినదు. భయపడితే బంతిలా చుట్టుకుంటుంది. పులి నోటికైనా ఆ పెంకులు లొంగవు గానీ, మనిషి మాత్రం దాన్ని ఆనపకాయలా ఎత్తుకుపోతాడు. సాధారణంగా ఒక కాన్పుకు ఒకటే పిల్ల. దాని పెంకు మన గోరు ఏ పదార్థమో అదే. అందులో మందు గుణం ఏమీ లేదు. అయినా ఎక్కడో విదేశాల్లో మందుకని కొంటారు. అందుకోసం కింది నుంచి ఎవడో సంతకు వస్తాడు. టీ తాగిస్తాడు. మన కుర్రాడికి కొంత డబ్బు చేతిలో పెడతాడు. పట్టుబడినప్పుడు దొరికేది మన కుర్రాడే. అలుగు మొదటి షెడ్యూలులో ఉన్న జీవి. మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు. 2022లో చేసిన సవరణతో జరిమానా కూడా 25,000 రూపాయలకు తగ్గదు. కొన్నవాడి పేరు కుర్రాడికి కూడా తెలియదు. మన పేరు మాత్రం పేపర్లో ఫోటోతో పడుతుంది. మొదటి రోజు మాతో అన్న మాట అక్కడి నుంచే పుడుతోంది.

అదే అలుగు విషయంలో మాకు ఒక మంచి రోజూ వచ్చింది. పట్టుబడిన ఒక అలుగును కేంద్రానికి తెచ్చారు. ఏం పెట్టినా ముట్టలేదు. బంధనంలో అలుగును బతికించడం ఎక్కడైనా కష్టమే. గుడ్డు కలిపి పెట్టారు, గిన్నె కదల్లేదు. మాలో ఇద్దరు కొండవాలు తోటల్లోకి వెళ్ళి, మామిడి కొమ్మల్లో ఆకులు కుట్టుకుని ఉండే ఎర్రచీమల గూళ్ళు, పాత పుట్ట నుంచి చెదల మట్టిపెళ్ళలు తెచ్చారు. ఎర్రచీమలు మనకు కొత్తా? పచ్చడి చేసుకుని తినేవాళ్ళం. చేతుల నిండా కుట్టించుకుని వచ్చారు. రాత్రి గూట్లో పెట్టి దీపం ఆర్పేశాం. పొద్దున చూస్తే గూళ్ళు ఖాళీ. ఐదు రాత్రులు అలాగే తెచ్చాం. ఆరో రోజు అనుమతి వచ్చి దాన్ని అడవిలో వదిలారు. ఏ వైపు వదలాలి, చెదల పుట్టలు ఎక్కడ ఎక్కువ, ఏ గెడ్డలో ఎండాకాలం కూడా నీరుంటుంది, ఇవన్నీ ఆ రోజు మమ్మల్ని అడిగారు. మొదటి రోజు మమ్మల్ని ఆ మాట అన్నాయన కూడా ఆ జీపులో ఉన్నాడు. వచ్చేటప్పుడు "మీకు ఇవన్నీ ఎవరు నేర్పారు?" అని అడిగాడు. "మా వాళ్ళే" అన్నాం.

అందుకే పెద్దాయనకు మా జవాబు ఇది. తాతా, మేము కోతులకు సేవ చేయడానికి వెళ్ళలేదు. మీరు మాకు నేర్పింది ఎక్కడ పనికొస్తుందో చూసుకోవడానికి వెళ్ళాం.

ఇది మన ఒక్కరి దారి కూడా కాదు. తమిళనాడులో ఇరుళ తెగవాళ్ళు ఒకప్పుడు పాము చర్మాల కోసం పాములు పట్టేవారు. 1972 చట్టం తర్వాత ఆ బతుకు పోయింది. 1978లో సహకార సంఘం పెట్టుకుని, పాముల్ని పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదలడం మొదలుపెట్టారు. మన ఆసుపత్రుల్లో పాముకాటుకు వేసే మందు తయారీకి కావలసిన విషంలో ఎక్కువ భాగం వాళ్ళ చేతుల మీదుగా వస్తుంది. ఆ తెగకు చెందిన వడివేల్ గోపాల్, మాసి సదయన్‌లకు 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మన నల్లమలలో చెంచు అన్నలు పులుల రక్షణ సిబ్బందిగా పనిచేస్తున్నారు. అడుగుజాడ చూసి ఏ జీవి ఎటు పోయిందో చెప్పగలవాళ్ళు వాళ్ళు.

కానీ ఒకటి గమనించాం. అడవిలో నడిచేది మనవాళ్ళు, జాడ చెప్పేది మనవాళ్ళు, రిపోర్టు కింద సంతకం ఇంకొకరిది. మన తెలివికి రోజు కూలి ఇస్తారు, కుర్చీ ఇవ్వరు. ఈ రెండేళ్ళలో ఆ బల్ల దగ్గర కత్తెర అందించాం, కాళ్ళు పట్టుకున్నాం. కుట్టు వేసే చేయి మాది కాదు. అది మాకు రావాలి. మాలో ఇద్దరు చెల్లెళ్ళు ఇంటర్ బైపీసీ చదువుతున్నారు. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, తిరుపతిలో ఉంది. వాళ్ళు అక్కడ చేరేదాకా మనమందరం వెనక నిలబడాలి.

ఇక ఇటుకల పండగ. ఈ మాట ఎత్తితే మా అమ్మానాన్నలకే కోపం వస్తుందని తెలుసు. చైత్రంలో మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని అడవికి వెళ్ళడం, ఆడవాళ్ళు దారి కాయడం, థింసా ఆడడం మన ప్రాణం. పండగ మానమని మేము అనం. 2006 అటవీ హక్కుల చట్టం మనకు భూమి మీద, అటవీ ఫలసాయం మీద, మన ఆచారాల మీద హక్కులు రాసింది. వేట హక్కును మాత్రం రాయలేదు, స్పష్టంగా మినహాయించింది. అదే చట్టం ఐదో సెక్షనులో ఇంకొకటి రాసింది. అడవిని, వన్యప్రాణులను, నీటి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఉందని. మొదటి దాని గురించి అందరూ మనకు చెప్తారు. రెండో దాని గురించి ఎవరూ చెప్పరు.

ఈ ఏడాది మాలో ఒకరి ఊళ్ళో కుర్రాళ్ళు ఒక ప్రయత్నం చేశారు. విల్లంబులతోనే అడవికి వెళ్ళారు. వేటకు బదులు వైరు ఉచ్చులు వెతికారు. పొద్దు వాలేసరికి పదకొండు ఉచ్చులు తెచ్చి ఊరి మధ్య పోశారు. ఆడవాళ్ళు ఊరుకున్నారా? మాంసం తేకుండా వస్తే ఏం చేస్తారో మీకు తెలుసు. వైర్లు తెచ్చినవాళ్ళను కూడా వదల్లేదు, పేడనీళ్ళు పోసేశారు. ఒక అవ్వ అయితే "ఇనుము వండుకు తింటామా?" అని తిట్టింది. తిట్టి, మర్నాడు పొద్దున తన చేను గట్టున ఉన్న ఇంకో ఉచ్చు తనే పీకి తెచ్చి ఆ కుప్ప మీద వేసిందట. ఆ ఊరు పూర్తిగా మారిపోయిందని మేము చెప్పం. ఆ మేనమామ కూడా ఇంకా ఏమీ తేల్చుకోలేదు. చేను పోతే ఏం చేయాలన్న ప్రశ్న అలాగే ఉంది.

అందుకే సంఘాన్ని మూడు కోరుతున్నాం. ఒకటి, పంట నష్టం జరిగినప్పుడు అటవీశాఖకు పరిహారం దరఖాస్తు రాసిపెట్టే మనిషి ప్రతి పంచాయతీలో ఒకరుండాలి. చదువుకున్న పిల్లలం మేము రాస్తాం. ఉచ్చు తీయమని అడిగే ముందు ఈ పని చేయాలి. రెండు, ఇటుకల పండగకు ముందు గ్రామసభ పెట్టి, వైరు ఉచ్చులు, కరెంటు తీగలు, నాటు బాంబులు వాడొద్దని తీర్మానం చేయాలి. తీర్మానం మనదై ఉండాలి, ఎవరో వచ్చి చదివి వినిపించింది కాకూడదు. మూడు, ఏ జీవి ఎక్కడ తిరుగుతుంది, ఏం తింటుంది, ఏ నెలలో ఈనుతుంది అన్నది పెద్దల దగ్గర కూర్చుని మన భాషల్లో పేర్లతో సహా రాసుకోవాలి. కువి, ఆదివాసీ ఒడియా, తెలుగు, ఏది వస్తే అది. ఏటా కొందరు తాతలు వెళ్ళిపోతున్నారు.

కేంద్రానికి మేము వచ్చే ఆదివారం కూడా వెళ్తాం. మూడు కాళ్ళ అడవిపిల్లి గూడు కడిగే వంతు ఈసారి మేకును గుర్తుపట్టిన అబ్బాయిదే. మేనమామను కూడా ఒకసారి తీసుకొస్తానని అంటున్నాడు. వస్తాడో రాడో చూడాలి. మీలో ఎవరు రావాలన్నా మాకు చెప్పండి, దగ్గరుండి తీసుకెళ్తాం. టీకా మాత్రం వేయించుకోవాలి.